ఫార్ములాలో దాగిన టోక్యో

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం నగరాల్లో రేడియో సిగ్నల్ నష్టం, దాన్ని కొలవడం, ముందుగా అంచనా కట్టడం. వినడానికి సెమిస్టర్ పరీక్షలో పది మార్కుల ప్రశ్నలా ఉంది. ముందు వరసల్లో ఈసీఈ పిల్లలు కూర్చున్నారు, వెనక వాళ్ల అమ్మానాన్నలు కూడా కనిపిస్తున్నారు. కాబట్టి ఫార్ములా ఒక్కటే చెబుతాను. దాన్ని కూడా బోర్డు మీద రాసి వదిలేయను, విప్పి చూపిస్తాను.

ముందు ఒక లెక్క. టవర్ మీద ట్రాన్స్‌మిటర్ నుంచి 20 వాట్లు బయల్దేరాయి అనుకోండి. మీ ఇంట్లో చిన్న ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ తినేంత పవర్. ఫ్రీక్వెన్సీ 900 మెగాహెర్ట్జ్, యాంటెన్నా 30 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడికి కిలోమీటరు దూరంలో, ఇళ్ల మధ్య వీధిలో నిలబడ్డ మనిషి ఫోనుకు చేరేది సుమారు 5 పికోవాట్లు. ఒక వాట్‌ను లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో అయిదు ముక్కలన్నమాట. యాంటెన్నాల గెయిన్, అంటే అవి సిగ్నల్‌ను ఒకవైపు కూడగట్టడం వల్ల వచ్చే లాభం, పక్కన పెట్టి చెబుతున్నాను. ఆ అయిదు ముక్కలతో ఫోను హాయిగా పనిచేస్తుంది. అది ఇంకో యాభై రెట్లు తగ్గినా కాల్ నడుస్తుంది.

ఇంత పెద్ద తేడాలను మామూలు అంకెల్లో రాస్తే సున్నాలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది. అందుకే డీబీలో, అంటే డెసిబెల్స్‌లో మాట్లాడతాం. పెద్దవాళ్ల కోసం చెబుతున్నాను: 10 డీబీ తగ్గితే పవర్ పదో వంతు అయింది, 20 తగ్గితే వందో వంతు, 30 తగ్గితే వెయ్యో వంతు. 3 డీబీ అంటే సగం. ఇంతకు మించి ఈ గంటసేపు ఏమీ అక్కర్లేదు. ఇందాకటి లెక్కలో నష్టం 126 డీబీ.

మధ్యలో ఇళ్లూ లేవు, నేలా లేదు, ఉత్త ఖాళీ ప్రదేశమే అనుకుంటే అదే కిలోమీటరుకు నష్టం ఎంత? దీనికి పక్కా సూత్రం ఉంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెరాల్డ్ ఫ్రిస్ 1946లో ఇచ్చింది. దాని ప్రకారం 91.5 డీబీ. 126లోంచి 91.5 తీసేస్తే దాదాపు 35. పవర్‌లో చెప్పాలంటే 3000 రెట్ల తేడా. ఈ 3000 రెట్లను తిన్నది ఊరు. పై కప్పులు, గోడలు, చెట్లు, వీధి మలుపులు కలిసి తిన్నాయి. నేను ఈ రోజు మాట్లాడేదంతా ఈ 35 గురించే.

దూరం పెరిగే కొద్దీ ఊరి ఆకలి పెరుగుతుంది కూడా. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే 6 డీబీ పోతుంది. ఊళ్లో 10.6 పోతుంది.

మరి ఆ 126 అనే అంకె నాకెక్కడిది? నేనే వీధిలోనూ కొలవలేదు. క్యాలిక్యులేటర్‌లో వేశాను. వేసింది హాటా ఫార్ములా. ఇక్కడున్న పిల్లలందరూ ఏదో ఒక ల్యాబ్‌లో మ్యాట్‌ల్యాబ్‌లోనో పైథాన్‌లోనో దాన్ని రాసే ఉంటారు. రాశాం, గ్రాఫ్ వచ్చింది, రికార్డులో అంటించాం, సంతకం అయింది. ఆ అంకెలు ఎక్కడ పుట్టాయో అడిగినవాళ్లు మీలో ఎంతమంది? చేతులెత్తకండి, నాకు తెలుసు.

అవి పుట్టింది టోక్యోలో. 1960ల మొదట్లో జపాన్ టెలిఫోన్ సంస్థ ఎన్‌టీటీ ప్రయోగశాలలో యోషిహిసా ఒకుమురా అనే ఇంజినీరు ఉండేవారు. కార్లలో టెలిఫోను పెట్టాలని వాళ్ల ఆలోచన. అప్పటికి సెల్యులార్ నెట్‌వర్క్ అనేది ఎక్కడా లేదు. టోక్యోలోనే అది వ్యాపారంగా మొదలైంది 1979లో. అంటే సర్వీసుకు పదిహేనేళ్ల పైచిలుకు ముందే ఈయన బృందం వాహనంలో రిసీవర్ పెట్టుకుని టోక్యో, దాని చుట్టుపక్కల తిరిగి కొలవడం మొదలుపెట్టింది. 200 మెగాహెర్ట్జ్ దగ్గర్నుంచి 1920 దాకా రకరకాల ఫ్రీక్వెన్సీల్లో కొలిచారు. ఆ తేదీలు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1920 మెగాహెర్ట్జ్‌లో జేబు ఫోను నడుస్తుందని అప్పుడు ఎవరు ఊహించి ఉంటారు? ఈ కొలతలన్నీ కలిపి 1968లో ప్రచురించారు. మొబైల్ ఫోనుకు పునాది వేసినందుకు 2013లో, చేతి ఫోను తయారుచేసిన మార్టిన్ కూపర్, మరికొందరితో పాటు ఒకుమురాకు డ్రేపర్ ప్రైజ్ అనే ఇంజినీరింగ్ బహుమతి ఇచ్చారు. కూపర్ పేరు మన జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఉంటుంది, ఈయన పేరు ఉండదు. కొలిచేవాళ్ల బతుకు అంతే.

ఒకుమురా ఇచ్చింది ఫార్ములా కాదు, వంపు గీతలు. ఒక పెద్ద గ్రాఫ్ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ చూసుకుని, దూరం చూసుకుని, ఆ గీత మీద స్కేలు పెట్టి నష్టం చదువుకోవాలి. తర్వాత సవరణలు. యాంటెన్నా ఎత్తుకు ఒక గీత, శివారు ప్రాంతానికి ఒకటి, మైదానానికి ఒకటి, గుట్టలకు ఒకటి, దారిలో నీళ్లుంటే ఒకటి. ఆఖరికి వీధి టవర్ వైపు తిరిగి ఉందా, అడ్డంగా ఉందా అన్నదానికి కూడా ఒక సవరణ. ఇందులో సిద్ధాంతం దాదాపు లేదు. మేం ఇలా వెళ్లాం, ఇంత వచ్చింది అని చెప్పడమే.

పన్నెండేళ్ల తర్వాత, 1980లో, అదే సంస్థకు చెందిన మసహారు హాటా ఆ గీతల్ని కంప్యూటర్లో వాడుకునేలా సమీకరణంగా మార్చారు. అదే మనం రికార్డులో అంటించే ఫార్ములా. 69.55 తీసుకోండి. మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీ లాగ్‌ను, అంటే లాగరిథమ్‌ను, 26.16తో గుణించి దానికి కలపండి. మీటర్లలో ఉన్న బేస్ యాంటెన్నా ఎత్తు లాగ్‌ను 13.82తో గుణించి తీసేయండి. ఫోను ఎత్తుకు ఒక చిన్న సవరణ తీసేయండి, 1.5 మీటర్ల ఎత్తులో అది దాదాపు సున్నా. చివరిగా 44.9లోంచి 6.55 ఇంటూ లాగ్ ఎత్తు తీసేసి, మిగిలినదాన్ని కిలోమీటర్లలో ఉన్న దూరం లాగ్‌తో గుణించి కలపండి. ఇందాక నాకు 126 వచ్చింది ఇలాగే.

ఇప్పుడు చెప్పండి, 69.55 అనేది ఏ భౌతిక సూత్రం? కాంతివేగమా, 3.14 అనే పై విలువా, ఇంకేదైనానా? ఏదీ కాదు. ఒకుమురా గీతల మీద సరిగ్గా కూర్చునే అంకె, అంతే. ఆ రెండు దశాంశ స్థానాలు చూసి ఖచ్చితత్వం అనుకుంటారు. ఆ దశాంశాలు గీతకు సంబంధించినవి, మీ వీధికి సంబంధించినవి కావు.

ఆ గీతల్లో ఉన్నది ఏ టోక్యో? ఇప్పుడు సినిమాల్లో చూసే టోక్యో కాదు. అక్కడ చాలా దశాబ్దాల పాటు భవనాల ఎత్తు 31 మీటర్లు మించకూడదని నిబంధన ఉండేది. 1960ల్లోనే దాన్ని సడలించారు. ఆ దేశపు మొదటి ఆకాశహర్మ్యంగా చెప్పుకునే 36 అంతస్తుల కసుమిగసేకి భవనం పూర్తయింది 1968లో. సరిగ్గా ఒకుమురా కొలతలు అచ్చయిన ఏడాదే. కాబట్టి ఆ కొలతల్లో ఉన్నది 31 మీటర్ల కింద తలవంచుకున్న నగరం, చుట్టూ చిన్న చిన్న ఇళ్లు. హాటా ఫార్ములాలో బేస్ యాంటెన్నా కనీస ఎత్తు 30 మీటర్లు అని ఉంటుంది కదా, ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. యాంటెన్నా ఎప్పుడూ కప్పుల పైన ఉండాలి. ఈ ఫార్ములాకు ఇదే అసలు షరతు. మిగతా హద్దులు కూడా చెబుతాను: ఫ్రీక్వెన్సీ 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్, ఎత్తు 30 నుంచి 200 మీటర్లు, దూరం 1 నుంచి 20 కిలోమీటర్లు. ఇప్పుడు నగరంలో సైటుకూ సైటుకూ, అంటే టవర్‌కూ టవర్‌కూ మధ్య 300, 400 మీటర్లు ఉంటోంది. అంటే ఫోను ఎప్పుడూ కిలోమీటరు లోపలే ఉంది. అయినా దానికి హాటా వేసి రిపోర్టు ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

యూరప్‌లో 1800 మెగాహెర్ట్జ్ వచ్చినప్పుడు ఈ ఫార్ములా 1500 దగ్గర ఆగిపోతోందని కాస్ట్ 231 అనే ఉమ్మడి ప్రాజెక్టులో దాన్ని 2000 దాకా సాగదీశారు. మహానగరం అయితే ఇంకో 3 డీబీ కలుపుకోండి అన్నారు. అదే ప్రాజెక్టులో వాల్ఫిష్, ఇకెగామి పేర్లతో ఇంకో మోడల్ తయారైంది. అందులో టవర్ నేరుగా కనిపించే వీధికి వాడే సమీకరణం స్టాక్‌హోమ్ కొలతల నుంచి తీసింది. ఒకదాంట్లో టోక్యో, ఇంకోదాంట్లో స్టాక్‌హోమ్. ఏ మోడల్ గీకినా కింద ఏదో ఒక ఊరు బయటపడుతుంది.

అన్నట్టు ఈ నష్టానికి భౌతికశాస్త్రం వివరణ ఇవ్వలేదా అంటే, ఇచ్చింది, కొలతల తర్వాత చాలా ఏళ్లకు. 1984లో ఇకెగామి బృందం క్యోటో వీధుల్లో సిగ్నల్‌ను కిరణాలుగా విడదీసి చూసింది. 1988లో న్యూయార్క్‌లో వాల్ఫిష్, బెర్టోనీ ఒక చిత్రం గీశారు. టవర్ నుంచి వచ్చిన తరంగం వరసగా ఉన్న కప్పుల మీదుగా సాగుతుంది, ప్రతి వరస దగ్గరా కాస్త కోల్పోతుంది, చివరి కప్పు అంచు దగ్గర వంగి వీధిలోకి దిగుతుంది. మీ ఫోనుకు వచ్చేది ఎక్కువగా అలా పైనుంచి దిగిన సిగ్నలే కానీ గోడలు తొలుచుకుంటూ వచ్చింది కాదు. ఆ చిత్రంతో లెక్క కడితే దూరం పది రెట్లయితే 38 డీబీ పోవాలని తేలింది. టోక్యో గీతల్లో 30 మీటర్ల యాంటెన్నాకు 35 వస్తుంది. కాగితం మీద ఇళ్లన్నీ ఒకే ఎత్తు, ఒకే దూరం అనుకుని వేసిన లెక్క ఇంత దగ్గరగా రావడం మామూలు విషయం కాదు. యాంటెన్నా కప్పుల కింద ఉంటే మాత్రం ఈ చిత్రం పూర్తిగా మారిపోతుంది. అప్పుడు సిగ్నల్ వీధుల వెంట పారుతుంది. మలుపు తిరిగితే కొద్ది అడుగుల్లోనే 15, 20 డీబీ పడిపోతుంది.

ఇప్పుడు కొలత దగ్గరకు వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే.

కొలవడం అంటే డ్రైవ్ టెస్ట్. కారు కప్పు మీద అయస్కాంతంతో అతుక్కునే యాంటెన్నా, సీట్లో సిగ్నల్‌ను వేగంగా కొలిచే స్కానర్, ఒళ్లో ల్యాప్‌టాప్, ఒక జీపీఎస్, ముందు సీట్లో 'సార్ ఎడమా కుడా' అని అడిగే డ్రైవర్. మోడల్ సరిచేయడానికి కొలిచేటప్పుడు నడుస్తున్న నెట్‌వర్క్ మీద ఆధారపడం. ఒక భవనం మీద చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, అన్ని వైపులకూ సమానంగా వెదజల్లే యాంటెన్నాతో ఒకే ఫ్రీక్వెన్సీలో క్యారియర్, అంటే మాటలూ డేటా లేని ఉత్త తరంగం, వదులుతాం. దీన్ని సీడబ్ల్యూ (కంటిన్యువస్ వేవ్) టెస్ట్ అంటారు. ఎంత పంపామో మనకు తెలుసు, కేబుల్లో ఎంత పోయిందో తెలుసు. అందిందాన్ని అందులోంచి తీసేస్తే నష్టం వచ్చేస్తుంది.

అంత తేలిక అయితే నేను ఇక్కడ నిలబడి చెప్పాల్సిన పని లేదు. సిగ్నల్ ఒకచోట నిలకడగా ఉండదు. జాతరలో నాలుగు స్తంభాలకు నాలుగు మైకులు కట్టి ఒకే పాట వేస్తే, ఒకచోట హోరున వినిపిస్తుంది, రెండడుగులు పక్కకు జరిగితే మాటలు కలిసిపోయి ఏమీ తెలియదు. వీధిలో జరిగేది అదే. ఒకే సిగ్నల్ పది గోడల మీద కొట్టుకుని పది దారుల్లో వస్తుంది. కొన్నిచోట్ల కలిసి బలపడుతుంది, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటుంది. 900 మెగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. సగం తరంగం, అంటే జానెడు కన్నా తక్కువ దూరంలో గుంత వస్తుంది. టవర్ నేరుగా కనిపించని వీధిలో అయితే, పది చోట్ల కొలిస్తే దాదాపు ఒకచోట పవర్ సగటులో పదో వంతుకు పడిపోతుంది. వంద చోట్లలో ఒకచోట వందో వంతుకు. దీన్ని రేలీ ఫేడింగ్ అంటారు. ఫోనులో కనిపించే మైనస్ అంకెలు డీబీఎమ్‌లో ఉంటాయి, అంటే ఒక మిల్లీవాట్ కన్నా ఎన్ని డీబీ తక్కువో చెప్పేవి. కాబట్టి ఎవరైనా ఫోను తీసి 'ఇక్కడ మైనస్ 97 ఉంది సార్' అంటే, 'ఇక్కడ' అంటే ఎక్కడ అని అడగండి. చెయ్యి కదిలిస్తే మైనస్ 87 అవుతుంది.

మరి ఎంత దూరం సగటు తీయాలి? విలియం లీ అనే ఇంజినీరు దీనికి ఒక కొలబద్ద ఇచ్చారు. 40 తరంగాల పొడవున, 36 నుంచి 50 దాకా శాంపిల్స్ తీసుకుంటే సగటు సుమారు 1 డీబీ తేడాతో నిలబడుతుంది. 900 మెగాహెర్ట్జ్‌లో 40 తరంగాలంటే 13 మీటర్లు. కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ 13 మీటర్లు దాటడానికి సెకనుకు కాస్త ఎక్కువ పడుతుంది. ఆలోపు 40 కొలతలు కావాలి. మామూలు ఫోను సెకనుకు ఒకటో రెండో అంకెలు ఇస్తుంది. అందుకే స్కానర్. అదే 3500 మెగాహెర్ట్జ్ అయితే 40 తరంగాలు మూడున్నర మీటర్లే, స్కానర్ ఇంకా వేగంగా పరిగెత్తాలి. ఎక్కువ దూరం సగటు తీస్తే ఇంకా మంచిది కదా అంటారు కొందరు. కాదు. వంద మీటర్లు సగటు తీస్తే ఆ మధ్యలో ఉన్న భవనం నీడ కూడా సగటులో కలిసిపోతుంది. మనం కొలవాలనుకున్నదే ఆ నీడ.

శాంపిల్స్ టైమ్ ప్రకారం కాకుండా దూరం ప్రకారం తీయాలి. అమీర్‌పేట ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే ఒకే గుంతలో నిలబడి వేల శాంపిల్స్ పోగవుతాయి. వాటిని అలాగే సగటులో వేస్తే ఊరంతా ఆ గుంతలాగే ఉందని రిపోర్టు వస్తుంది. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ ఇరవై ముప్పై మీటర్లు పక్కకు దూకి, మన కారును పక్క వీధిలో చూపిస్తుంది. అప్పుడు ఈ వీధి సిగ్నల్‌ను ఆ వీధి భవనం నీడతో పోల్చి చూసుకుంటూ కూర్చుంటాం. ఇలాంటి చోట్ల ట్రాక్‌ను మ్యాప్ మీద కూర్చోబెట్టి చేత్తో సరిచేసుకోవాల్సిందే. విసుగు పని. ఎవరూ చేయాలనుకోరు. మొత్తం కొలత విలువ ఉండేది అందులోనే.

ఇప్పుడు చెప్పేది పిల్లలు రాసుకోండి, ఇది పుస్తకాల్లో ఒక్క లైనులో పోతుంది. రిసీవర్‌కు ఒక అడుగు హద్దు ఉంటుంది. మైనస్ 115 అనుకోండి, దాని కింద వినబడదు. టవర్‌కు దూరంగా ఒకచోట నిజమైన మధ్య విలువ కూడా సరిగ్గా మైనస్ 115 అనుకుందాం. అంటే సగం చోట్ల అంతకన్నా బాగుంది, సగం చోట్ల అంతకన్నా అధ్వానం. అధ్వానంగా ఉన్న సగం కొలతల ఫైల్లో నమోదే కాదు. మిగిలిన సగాన్ని సగటు తీస్తే, హెచ్చుతగ్గులు 8 డీబీ ఉన్న ఊళ్లో, మైనస్ 108, 109 వస్తుంది. నిజం కన్నా 6 డీబీ మెరుగు! దూరం పోయేకొద్దీ ఈ మాయ పెరుగుతుంది, గీత చదునుగా కనిపిస్తుంది. అప్పుడు ఇంజినీరు 'మన ఊళ్లో నష్టం హాటా చెప్పినంత లేదు సార్, సైట్లు తగ్గించొచ్చు' అంటాడు. మేనేజర్‌కు ఆ మాట చాలా నచ్చుతుంది. సైట్లు తగ్గుతాయి, ఆరు నెలల తర్వాత కంప్లయింట్లు మొదలవుతాయి. వినబడని చోటును కూడా వినబడలేదని లెక్కలో ఉంచాలి, లేదా ఆ దూరానికి ముందే డేటాను కత్తిరించాలి. రెండింటిలో ఏదో ఒకటి చేయని కొలతను నేను నమ్మను.

ఆ 8 డీబీ మాట వచ్చింది కాబట్టి దాని సంగతి చూద్దాం. నన్నడిగితే నష్టం లెక్కల్లో అన్నిటికన్నా ఖరీదైన అంకె అదే. ఫార్ములా ఇచ్చేది మధ్య విలువ. కిలోమీటరు దూరంలో 126 అంటే, ఆ దూరంలో ఉన్న చోట్లలో సగం అంతకన్నా బాగుంటాయి, సగం బాగుండవు. ఒకటి పెద్ద భవనం వెనక ఉంటుంది, ఇంకోటి ఖాళీ స్థలం పక్కన ఉంటుంది. ఈ హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం, అంటే మధ్య విలువకు అటూ ఇటూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత, నగరాల్లో సాధారణంగా 6 నుంచి 10 డీబీ ఉంటుంది. సగం మందికి ఫోను మోగితే చాలు అనే కంపెనీ ఉండదు కదా. సెల్, అంటే ఒక టవర్ చూసుకునే ప్రాంతం, దాని అంచున నూటికి తొంభై చోట్ల సిగ్నల్ ఉండాలంటే 8కి 1.28 రెట్లు, అంటే 10 డీబీ మార్జిన్ పెట్టుకోవాలి. పది డీబీయే కదా అనిపిస్తుంది. టోక్యో గీత వాలుతో లెక్క కడితే ఆ పది డీబీ కోసం సెల్ వ్యాసార్థం సగానికి తగ్గించాలి. వ్యాసార్థం సగమైతే విస్తీర్ణం పావు వంతు. అంటే నాలుగు రెట్ల సైట్లు! ప్రతి సైటుకూ స్థలం అద్దె, కరెంటు, డీజిల్, ఫైబర్. లెక్కలో ఒక్క డీబీ తప్పు జరిగితే సైట్ల సంఖ్య 14 శాతం మారుతుంది. కొలతకు పెట్టే ఖర్చును దండగ అనేవాళ్లకు నేను ఈ 14 శాతం చూపిస్తాను.

ఇంకో పెద్ద అంకె, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్కుతో మారిపోయేది. హాటా ఫార్ములాలో ఊరి రకాన్ని బట్టి సవరణ ఉంటుంది. 900 మెగాహెర్ట్జ్‌లో నగరం కన్నా శివారులో 10 డీబీ నష్టం తక్కువ, మైదానంలో 28 డీబీ తక్కువ. మన మణికొండ నగరమా, శివారా? పదిహేనేళ్ల కిందట ఒక జవాబు, ఇవాళ ఇంకోటి. కూకట్‌పల్లిలో ఇంటికీ ఇంటికీ మధ్య చెయ్యి పట్టనంత సందు ఉంటుంది, అలాంటి శివారు టోక్యోలో ఉండేదా? చార్మినార్ వెనక గల్లీలో ఇళ్లు ఎత్తు తక్కువే కానీ గోడలు మందం. ఏ పెట్టెలో వేస్తారు? డిజిటల్ మ్యాప్ అమ్మేవాళ్లు ఇచ్చిన రంగును బట్టి వేస్తారు. ఆ మ్యాప్ నాలుగేళ్ల కిందటిదైతే ఆ మధ్యలో లేచిన టవర్లన్నీ అందులో ఖాళీ స్థలాలే.

అందుకే ఎక్కడి మోడల్ తెచ్చినా ఇక్కడ కొలిచి దాని గుణకాలు సరిచేయాలి, దీన్నే ట్యూనింగ్ అంటాం. కొలతకూ అంచనాకూ మధ్య తేడా సగటున సున్నా రావాలి, చెదరడం 7, 8 డీబీలకు తగ్గాలి. అంతకన్నా బాగా, 3 డీబీ వచ్చిందని ఎవరైనా చెబితే సంతోషించకండి, ఏ రోడ్ల మీద సరిచేశారో అవే రోడ్ల మీద పరీక్ష పెట్టి ఉంటారు. కొన్ని వీధులను ముందే పక్కన పెట్టి, వాటి మీద చివర్లో చూడాలి. మన వైపూ ఇలాంటి పని జరగలేదని కాదు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వాళ్లు, ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్లు కలిసి దక్షిణ భారతంలో వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ సిగ్నల్ నష్టాన్ని, అంటే 30 నుంచి 3000 మెగాహెర్ట్జ్ మధ్య బ్యాండ్లలో నష్టాన్ని, అధ్యయనం చేసి ప్రచురించారు. ప్రాజెక్టు వెతుక్కునే పిల్లలు అక్కడ మొదలుపెట్టొచ్చు.

చెట్ల సంగతి కొంచెం చెప్పి గోడలకు వెళ్తాను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం హోమ్‌డెల్ దగ్గర 836 మెగాహెర్ట్జ్‌లో బెల్ ల్యాబ్స్ వాళ్లు ఒకే దారిలో వేసవిలోనూ శీతాకాలంలోనూ కొలిచారు. ఆకులున్నప్పుడు సిగ్నల్ సగటున 10 డీబీ తగ్గింది. మన దగ్గర ఊరు ఊరంతా ఒకేసారి ఆకు రాల్చదు, కాబట్టి ఆ పదిని తెచ్చి ఇక్కడ అతికించడానికి లేదు.

గోడలు. జనం ఫోను ఎక్కువగా వాడేది ఇంట్లో, ఆఫీసులో. డ్రైవ్ టెస్ట్ జరిగేది రోడ్డు మీద. ఈ రెండింటికీ మధ్య గోడ ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2017లో భవనంలోకి వెళ్లే నష్టానికి ఒక పద్ధతి ఇచ్చింది. 1 గిగాహెర్ట్జ్ దగ్గర పాత తరహా భవనానికి మధ్య విలువ 12.6 డీబీ, వేడిని ఆపేలా కట్టిన భవనానికి 28 డీబీ. ఈ రెండో రకంలో దొంగ ఎవరంటే అద్దం. వేడి లోపలికి రాకుండా అద్దం మీద కంటికి కనిపించని లోహపు పూత వేస్తారు. రేడియో తరంగానికి ఆ పూత దాదాపు రేకుతో సమానం. 5జీ ప్రమాణాల్లో వాడే లెక్క ప్రకారం 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర మామూలు అద్దానికి 3 డీబీ కూడా పోదు, ఈ పూత అద్దానికి 24 పోతుంది, కాంక్రీటు గోడకు 19. అంటే మాదాపూర్‌లో కిటికీ పక్కన కూర్చున్నంత మాత్రాన సిగ్నల్ బాగుంటుందని లేదు, గోడ పక్కనే నయం కావచ్చు. అలాంటి భవనాలకు బయటి టవర్‌తో పని జరగదు, లోపలే చిన్న యాంటెన్నాలు పంచాలి.

5జీకి మన దేశంలో ఎక్కువగా వాడుతున్నది 3300 మెగాహెర్ట్జ్ పైనున్న బ్యాండు. 900తో పోలిస్తే ఖాళీ ప్రదేశంలోనే 11, 12 డీబీ ఎక్కువ పోతుంది. దాన్ని చాలావరకు యాంటెన్నాలో డజన్ల కొద్దీ మూలకాలు పెట్టి, బీమ్‌ను మనిషి వైపు తిప్పి రాబట్టుకుంటారు. 26 గిగాహెర్ట్జ్ సంగతి వేరు. అదే ప్రమాణాల సూత్రంలో 28 గిగాహెర్ట్జ్ వేస్తే కాంక్రీటు గోడ నష్టం 117 డీబీ వస్తుంది. అది దాటదు అని రాస్తే సరిపోయేది.

ఇక ప్రశ్నలకు వెళ్దాం. ఆ చివర అమ్మాయి, అడగమ్మా.

ఫోనులో గీతలు చూసి నష్టం చెప్పొచ్చా అని అడుగుతోంది. చెప్పలేం. ఎన్ని డీబీఎమ్‌కు ఎన్ని గీతలు అన్నది ఏ ప్రమాణమూ చెప్పదు, తయారీదారు ఇష్టం. 2010లో ఐఫోన్ 4 గొడవ వచ్చినప్పుడు, గీతలు లెక్కించే తమ ఫార్ములానే పూర్తిగా తప్పు, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ గీతలు చూపిస్తున్నాం అని యాపిల్ బహిరంగ లేఖలో ఒప్పుకుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిగ్నల్ స్ట్రెంత్ అంకె చూడు. 4జీలో అక్కడ కనిపించేది ఆర్‌ఎస్‌ఆర్‌పీ, మొత్తం పవర్ కాదు. 20 మెగాహెర్ట్జ్ క్యారియర్‌లో 1200 సబ్‌క్యారియర్లు, అంటే సన్నటి ఫ్రీక్వెన్సీ పాయలుంటాయి, అందులో ఒక్కదాని వాటా అది. కాబట్టి మొత్తం కన్నా దాదాపు 31 డీబీ తక్కువ కనిపిస్తుంది. 2జీ రోజుల అంకెతో దాన్ని పోల్చి కంగారు పడకు. ఇంకోటి, పదిహేనో అంతస్తులో అంకె బ్రహ్మాండంగా ఉండి కూడా కాల్ తెగుతుంది. అక్కడికి పది టవర్లు కనిపిస్తాయి, అన్నీ ఒకదాని మీద ఒకటి అరుస్తాయి. ఆ చోట కొరత సిగ్నల్‌కు కాదు, శుభ్రతకు.

మెషీన్ లెర్నింగ్ వచ్చింది కదా, ఇంకా డ్రైవ్ టెస్ట్ ఎందుకు సార్ అంటున్నాడు ఈ అబ్బాయి. ఉపగ్రహ చిత్రం, భవనాల ఎత్తులు ఇస్తే నష్టం ఊహించే మోడల్స్ బాగానే పనిచేస్తున్నాయి. వాటికి నేర్పడానికి కొలతలు కావాలి కదా నాయనా. జనం ఫోన్ల నుంచే కొలతలు తెప్పించుకునే పద్ధతి కూడా ప్రమాణాల్లో ఉంది, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ పదో విడుదల నుంచీ. అందులో ఇంటి లోపలి సంగతి కూడా వస్తుంది, అది పెద్ద లాభం. ఫోను జేబులో ఉందా, సంచిలో ఉందా, లిఫ్టులో ఉందా తెలియదు, అది చిక్కు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లు కూడా నగరాల్లో డ్రైవ్ టెస్టులు చేయించి రిపోర్టులు బయటపెడతారు, హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి. తీసి చదువు. ఏ రోడ్ల మీద తిరిగారో ముందు చూడు.

పెద్దాయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. చెప్పండి బాబాయ్.

మా అపార్ట్‌మెంట్ పైనే టవర్ ఉంది, అద్దె కూడా వస్తోంది, మా పై అంతస్తులో మాత్రం సిగ్నల్ లేదు, ఇదేం న్యాయం అంటున్నారు. న్యాయమే బాబాయ్, ఆ యాంటెన్నా మీ కోసం పెట్టింది కాదు. నిలువునా చూస్తే దాని బీమ్ ఆరేడు డిగ్రీల వెడల్పే ఉంటుంది. దాన్ని కొంచెం కిందికి వంచుతారు. 30 మీటర్ల ఎత్తు, 6 డిగ్రీల వంపు అనుకుంటే ఆ బీమ్ నడిమి భాగం నేలను తాకేది 285 మీటర్ల అవతల. సరిగ్గా కాళ్ల కిందికి వచ్చేది అంచుల్లోంచి కారిన కొసరు మాత్రమే, అది కూడా మీ స్లాబు దాటి రావాలి. మీ ఫోను బహుశా మీ టవర్‌ను వదిలేసి ఎదురు వీధిలోని ఇంకోదాన్ని పట్టుకుని ఉంటుంది. ఇంట్లో వైఫై ఉందా? ఉంటే ఫోను సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. కిందికి దిగాక నా దగ్గరకు రండి, నేనే పెట్టి ఇస్తాను.